బోకులు కడిగే పెట్టె

ఆటో ట్రాలీ వీధి మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ పోతుండగానే చౌడేశ్వరి మగ్గం గుంతలోంచి లేచి వాకిట్లోకి వచ్చేసింది. పొద్దున్నుంచీ ఆమె ధ్యాస నేత మీద లేదు. ట్రాలీ మీద తాళ్లతో బిగించిన తెల్లటి పెట్టె, దాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుని నిలబడ్డ భర్త దివాకర్ కనబడగానే ఎదురు పోయింది.

ధర్మవరంలో ఆ వీధి అంతా నేతగాళ్లదే. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. గడపల్లోకి మనుషులొచ్చారు.

"ఫ్రిజ్జా, దివాకరా?" అని ఎదురింటాయన అడిగాడు.

"కాదన్నా. బోకులు కడిగే మిషిను," అన్నాడు దివాకర్ కిందికి దూకుతూ.

అరుగు మీద కూర్చున్న అతని తల్లి నారాయణమ్మ ఆ పెట్టెను పైనుంచి కిందికి చూసింది. "రెండు దినాలకొకసారి కొళాయి వస్తాంటే దీనికి తాగేదానికి నీళ్లు యాడినుంచి తెస్తావు నాయనా?"

దివాకర్ పెట్టెను కిందికి దించి తాళ్లు విప్పేశాడు. అతనికీ ఆ సంగతి తెలియదు. చౌడేశ్వరి మాత్రం అప్పటికే పెట్టె తలుపు కిందికి లాగి లోపలికి తొంగి చూస్తోంది. తుప్పు పట్టని ఉక్కు గోడలు, గిన్నెలు పేర్చడానికి చక్రాల మీద జారే రెండు తీగల బుట్టలు, అడుగున విమానం రెక్కలాంటి బద్ద. బద్దను వేలితో తోసింది. కిర్రుమంటూ అర చుట్టు తిరిగింది.

"తిరుగుతాండాది అత్తా," అంది.

ఆ ఇంట్లో రెండు మగ్గాలు, తొమ్మిది మంది మనుషులు. మొగుడూ పెళ్లాలిద్దరూ పట్టుచీరలు నేస్తారు. పట్టు నేసేవాళ్లకు వేలికొసలు నున్నగా ఉండాలి. గరుకైతే పోగు వాటికి తగులుకుని లేస్తుంది, చీర మీద నూగులా కనబడుతుంది. గిన్నెలు తోమే సబ్బు పడక చౌడేశ్వరి వేళ్లు నిరుటి వేసవి నుంచీ పగిలి బీటలు వారాయి. నూనె రాసింది, మందు రాసింది, రబ్బరు తొడుగులు వేసుకుంది. తొడుగుల్లో చెమట పట్టి ఇంకా ముదిరింది. చర్మం డాక్టరు ఆరు నెలలు సబ్బునీళ్లు ముట్టొద్దన్నాడు. నారాయణమ్మకు మోకాళ్లు వంగవు. పనికి కుదిరిన మనిషి బట్టల ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. దివాకర్ పంతం పట్టి పదిహేను రోజులు తోమాడు. పదహారో రోజు అతని వేళ్లకూ పోగులు తగులుకోవడం మొదలైంది. పోయిన నెల చౌడేశ్వరి నేసిన ఒక చీర కొంగులో రెండు వేళ్ల వెడల్పున నూగు లేచిందని దుకాణం వాళ్లు తిప్పి పంపారు. అంతకుముందు ఇరవై ఏళ్లలో ఆమె చేతి చీర ఒక్కటీ తిరిగి రాలేదు.

ఈ మిషిను పుట్టపర్తిలోని సారాది. ఇటలీ మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటూ, అక్కడి మాట నేర్చుకుని, దివాకర్ దగ్గర చీరలు కొంటుంది. అందరూ సారమ్మ అంటారు. ఇల్లు మారుతూ, వంటింటి మూలనున్న ఈ పెట్టెను అతనికి చూపించింది. వాళ్లమ్మ వాడినది, ఓడలో తెప్పించుకున్నది, పన్నెండేళ్లుగా కదలనిది. "బాగు చేసుకుంటే మీదే" అంది.

మరుసటి రోజు పొద్దున మోటార్లు చుట్టే సుంకన్న వచ్చాడు. బోర్ల మోటార్లకు తీగ చుట్టడంలో నలభై ఏళ్లు పండిన మనిషి. చౌడేశ్వరి ప్లగ్గు చేతిలో పట్టుకుని ఎదురొస్తే లాక్కుని చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

"ఇంకా కరెంటు ఇయ్యొద్దమ్మా. ముందు ఇది మనల్ని చంపుతాదా లేదా చూద్దాం."

వెనక రేకు విప్పాడు. తెచ్చుకున్న పరీక్ష బల్బు తీగ ఒకటి నీళ్లు వేడిచేసే కడ్డీకి, రెండోది పెట్టె ఒంటికి తాకించాడు. వెలగకూడని బల్బు మసకగా వెలిగింది.

"చూసినావా? హీటరుకు చెమ్మ పట్టింది. నువ్వు అప్పుడే ప్లగ్గు పెట్టుంటే పెట్టె అంతా కరెంటే."

చౌడేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది. భయం కన్నా ముందు ఆమెకు ఆశ్చర్యమేసింది. ఒక చిన్న బల్బు ఇంత చెప్తుందా అనుకుంది. "అయితే ఇంగ పనికిరాదా అన్నా?"

"మన ఊరి ఎండ ఉండాది కదా. మూడు దినాలు మిద్దె మీద పడేస్తే చెమ్మ అదే పోతాది."

హీటరు మిద్దెకెక్కింది. సుంకన్న మోటారు పట్టాడు. అది బిగుసుకుపోయి ఉంది. నూనె చుక్కలు వేసి, పట్టకారుతో ఇరుసును అటూ ఇటూ కదిలించి, అరగంట ఓపికపడితే మెల్లగా లొంగింది. మోటారు తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటరు ఉబ్బిపోయింది. దాని బదులు కూలరుకు వాడే కొత్తది తెచ్చి బిగించాడు. మోటారుకు విడిగా కరెంటు ఇవ్వగానే అది ఝుమ్మని తిరిగింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మాత్రం కొత్తదానిలా మెత్తగానే ఉంది.

ఎండలో కాగిన హీటరును మూడో రోజు దించి పరీక్షిస్తే బల్బు వెలగలేదు. చౌడేశ్వరి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. అన్నీ బిగించి, ఎర్తు తీగ కలిపి, మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు తగిలించారు. సుంకన్న చెయ్యి తుడుచుకుని మీట నొక్కాడు. పెట్టె ముఖాన ఎర్ర దీపం వెలిగింది.

అంతే. నీళ్లు రాలేదు. ముందున్న గుండ్రటి బొత్తాం నాలుగుసార్లు టిక్కుమని ఆగిపోయింది.

సుంకన్న మళ్లీ బల్బు పట్టుకుని తీగ వెంట తీగ వెతికాడు. నీళ్ల వాల్వుకు నేరుగా కరెంటు ఇస్తే టక్కున తెరుచుకుంది. అంటే వాల్వు బాగుంది, దానికి కరెంటు అందడం లేదు. అన్ని తీగలూ వచ్చి కలిసేది ముందువైపు గుండ్రటి బొత్తాం వెనక ఉన్న అగ్గిపెట్టెల కట్టంత డబ్బాలో.

"ఇది టైమరు," అన్నాడు. "దీంట్లో ఏమైందో నాకు తెలీదమ్మా. మోటారు అంటే నా పని. ఈ డబ్బా కాదు. ఇట్లాంటిది ఇప్పుడు యాడా దొరకదు కూడా." ఫోను చూసుకున్నాడు. "కణేకల్‌లో రెండు బోర్లు పడుకోనుండాయి. పోయి ఎల్లుండి వస్తా. అంతవరకూ ముట్టుకోవద్దు."

చౌడేశ్వరి ముట్టుకోకుండా ఒక పూట ఉంది. మగ్గం మీద కూర్చుంటే చూపు వంటింటి వైపే పోతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లేచి, ప్లగ్గు గోడకు లేదని రెండుసార్లు చూసుకుని, బొత్తాం లాగేసి, నాలుగు మరలు విప్పింది. డబ్బా చేతిలోకి వచ్చింది. మూత తీసింది.

లోపల ఒకే ఇరుసు మీద వరసగా పదకొండు పలుచటి చక్రాలున్నాయి. ఒక్కో చక్రం అంచున గుంతలు, కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని దూరంగా. ఒక్కో చక్రం మీద ఒక ఇత్తడి రేకు ఆని ఉంది. ఆమె ఇరుసును ఒక్క మెట్టు తిప్పింది. టిక్. రెండు రేకులు గుంతల్లోకి దిగాయి, ఒకటి పైకి లేచింది. ఇంకో మెట్టు. టిక్. ఈసారి వేరే రేకు.

ఆమె ఇంకో రెండు మెట్లు తిప్పి చూసింది. ఆ పని ఆమె రోజూ చూస్తున్నదే. లేచి దివాకర్ మగ్గం దగ్గరికి పరుగెత్తింది.

"ఆపు. ఒకసారి రా."

"ఏమైంది? షాక్ కొట్టిందా?"

"రమ్మంటాంటే."

దివాకర్ వచ్చి వంగి చూశాడు. ఆమె ఇరుసును తిప్పింది. టిక్, టిక్, టిక్. అతను డబ్బాను చూసి, తలెత్తి మగ్గం మీది జకార్డును చూశాడు. అక్కడ చిల్లులు కొట్టిన అట్టలు దండలా వేలాడుతున్నాయి. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లున్న చోట కొక్కెం లేస్తుంది, లేని చోట లేవదు. చీర మీద హంసో మామిడిపిందో పడేది అట్లాగే.

"అట్టలే కదే ఇవి," అన్నాడు దివాకర్ నెమ్మదిగా. "గుండ్రంగా చుట్టినారంతే."

"ఏ టిక్కుకు ఏది లేస్తాదో రాసుకుంటే, తప్పు యాడుండాదో తెలిసిపోతాది."

అరుగు మీంచి నారాయణమ్మ గొంతు వినబడింది. "ఎవురు రాస్తారంట?"

ఇద్దరూ తిరిగి చూశారు. నారాయణమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి వస్తోంది. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ఆమె చేసిన పని అట్టలు కొట్టడం. గళ్ల కాగితం మీద గీసిన డిజైను చూసి, వరస వరసకూ ఎక్కడ చిల్లు పెట్టాలో చదివి కొట్టేది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ డిజైను కాగితాల కట్ట, పెన్సిలు తే. నువ్వు చెప్పు, నేను రాస్తా. తొందరపడొద్దు."

"ఒకటో టిక్కు," అంది చౌడేశ్వరి. "రెండు, ఏడు తగులుతాండాయి."

"రెండు, ఏడు."

"రెండో టిక్కు. రెండు, ఏడు, తొమ్మిది."

సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు అరవై టిక్కులూ పూర్తయ్యాయి. గళ్ల కాగితం మీద నల్లటి చుక్కలు ఒక అంచు డిజైనులా పరుచుకున్నాయి. నారాయణమ్మ కళ్లజోడు పైకి తోసుకుని కాగితాన్ని దూరంగా పట్టుకుంది. వరస వరసా చదివింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"ఆరో వరస చూడు. ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక్క చుక్క లేదు. ఏమీ చేయని వరసను ఎవురైనా పెడతారా?"

చౌడేశ్వరి డబ్బాను వెలుతురుకు పట్టుకుని ఆరో చక్రం చూసింది. చక్రానికి గుంతలున్నాయి. రేకే దిగడం లేదు. పాత గ్రీజు గట్టిపడి బంకలా దాన్ని పట్టేసింది. దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దింది, మళ్లీ అద్దింది. కొస మీది నలుపును సన్నటి గరుకు కాగితంతో తుడిచింది. ఇరుసు తిప్పింది. నాలుగో టిక్కు దగ్గర ఆరో రేకు టప్పున గుంతలో పడింది.

"పడింది," అని ముగ్గురూ ఒకేసారి అన్నారు. నారాయణమ్మ ఆరో వరసలో మొదటి చుక్క పెట్టింది, పెన్సిలు కొస విరిగేంత గట్టిగా.

చెప్పినట్టే సుంకన్న వచ్చాడు. ముట్టుకోవద్దన్న పెట్టె విప్పి ఉండటం చూసి మొహం చిట్లించాడు. చౌడేశ్వరి కాగితం చేతికిచ్చింది. అతను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, బల్బు తీసి, ఆరో రేకు నుంచి బయల్దేరిన తీగ ఎక్కడికి పోతుందో పట్టుకుంటూ వెళ్లాడు. అది నేరుగా నీళ్ల వాల్వుకు చేరింది.

"ఇది ఎవురు గీసినారు?"

"నేను," అంది నారాయణమ్మ.

"నలభై ఏండ్లు ఈ పని చేస్తాండా. నాకు ఇట్ల చదవడం రాదు," అన్నాడు సుంకన్న, దాపరికం లేకుండా.

మీట నొక్కారు. ఎర్ర దీపం. బొత్తాం తనంతట తాను కదిలింది. టిక్, టిక్, టిక్, టిక్. లోపల నీళ్లు సుయ్యిమని పడటం మొదలైంది. చౌడేశ్వరి తలుపుకు చెవి ఆనించింది. చల్లటి రేకు వెనక నీళ్లు పైకి లేస్తున్నాయి. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

నీళ్లు పడుతూనే ఉన్నాయి. ఐదు నిమిషాలు. ఏడు. తలుపు కింది నుంచి సన్నటి ధార బయటికొచ్చి గచ్చు మీద పారింది.

"అది ఆపు, ఆపు," అంటూ నారాయణమ్మ మోకాళ్ల మాట మరిచిపోయి బిందె కోసం లేచింది. దివాకర్ మిద్దె మీదికి ఉరికి కొళాయి కట్టేశాడు. సుంకన్న ప్లగ్గు పీకాడు. తలుపు తెరిచేసరికి నీళ్లు గభాలున వచ్చి నలుగురి కాళ్లూ తడిపాయి. చెంబులతో, మగ్గులతో దొరికినంత తోడి బిందెల్లో పోశారు. మళ్లీ కొళాయి రావడానికి ఇంకొక రోజుంది.

"పోయినాయి," అన్నాడు దివాకర్ తడిసిన పంచె పిండుకుంటూ.

"వచ్చినాయి కదా," అంది చౌడేశ్వరి. ఆమె మొహం వెలిగిపోతోంది. "పన్నెండేండ్ల తర్వాత వచ్చినాయి. ఇంగ ఆపడమే నేర్పించాల."

ఆమె కాగితం ముందేసుకుంది. నాలుగో టిక్కు దగ్గర నీళ్లు మొదలయ్యాయి. ఐదో టిక్కుకు మోటారు తిరగాలి. కానీ బొత్తాం నాలుగు దగ్గరే నిలిచిపోయింది. "ఇది ఎవురికోసమో కాచుకోనుండాది అన్నా. నీళ్లు చాలు అని దీనికి ఎవురో చెప్పాల. మన ట్యాంకులో అయితే బంతి తేలి చెప్తాది."

"బంతి లేదు దీంట్లో," అన్నాడు సుంకన్న. పెట్టెను పక్కకు ఒరిగించి ఇద్దరూ అడుగు భాగం వెతికారు. ఒక మూల నుంచి పెన్సిలంత సన్నటి రబ్బరు గొట్టం పైకి పోయి, తమలపాకు సున్నం డబ్బీలాంటి గుండ్రటి బిళ్లలో కలుస్తోంది. దానికి రెండు తీగలు.

చౌడేశ్వరి గొట్టం లాగి నోట పెట్టుకుని ఊదింది. గాలి పోలేదు. బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదింది. పోలేదు. మగ్గం దగ్గర పోగులు లాగే సన్నటి కొక్కెం తెచ్చి గొట్టంలోకి దూర్చి తిప్పింది. ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది, దాంతో పాటు ఎండిపోయిన పురుగుల డొల్లలు నాలుగు.

"మట్టి గూళ్లు కట్టే పురుగు," అన్నాడు సుంకన్న. "బోరు పెట్టెల్లో గూడా ఇట్లనే దూరి కట్టేస్తాది."

గొట్టం కడిగి, ఈసారి బిళ్ల వైపు మెల్లగా ఊదింది. లోపల ఎక్కడో, టిక్. నోరు తీసింది. టిక్. మళ్లీ ఊదింది. టిక్. సుంకన్న బల్బు తగిలించాడు. ఆమె ఊదితే బల్బు వెలిగింది, ఆపితే ఆరింది. లోపల నీళ్లు లేచినప్పుడు గొట్టంలోని గాలి బిళ్లను ఒత్తుతుంది, చాలని చెప్పేది ఆ బిళ్లే. నారాయణమ్మ వచ్చి, "నాకియ్యి ఒకసారి," అని గొట్టం తీసుకుని తానూ ఊది చూసింది.

బిగించే ముందు దివాకర్ సారాకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"ఉప్పు వేసినారా?" అంది సారా మొదటి మాటగా.

"గిన్నెలకు ఉప్పేంటికి సారమ్మా?"

"గిన్నెలకు కాదప్పా. అడుగున తిప్పే మూత ఉండాది, చూడు. ఆడ రాళ్లుప్పు వెయ్యాల. మీ నీళ్లలో సున్నం ఎక్కువ. ఉప్పు లేకుంటే గాజు గ్లాసులు తెల్లగా అయితాయి. సబ్బు పొడి తలుపు మీది డబ్బీలో. చేత్తో తోమే సబ్బు వేస్తే ఇల్లంతా నురగ."

ఆ పొడి పెద్ద బజారులో దొరికింది. ఉప్పు ఇంట్లోనే ఉంది; ఎంత వెయ్యాలో సారాకు మళ్లీ ఫోను చేసి అడిగి, ఫోను అక్కడే పెట్టాడు దివాకర్. బుట్టల్లో మధ్యాహ్నం తిన్న తట్టలు, గ్లాసులు, పప్పు గిన్నె సర్దారు. నారాయణమ్మ రాగి సంగటి కెలికిన సట్టిని తెచ్చి, అడుగున ఎండి అంటుకుపోయిన సంగటిని అందరికీ చూపించి, మధ్యలో బోర్లించింది. "ఇది కడిగితే ఒప్పుకుంటా."

మీట నొక్కారు. నాలుగు టిక్కులు. నీళ్లు. అందరి కళ్లూ తలుపు కిందనే ఉన్నాయి. గచ్చు పొడిగానే ఉంది. లోపల ఒక చిన్న టిక్, ఆ వెంటనే బొత్తాం ఐదుకు కదిలింది. మోటారు అందుకుంది. రెక్క తిరిగి నీళ్లు గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు జోరువానలా వంటిల్లంతా నిండిపోయింది.

చౌడేశ్వరి కాగితం చేత్తో పట్టుకుని వరసలు చదువుతోంది. "ఇప్పుడు హీటరు." సుంకన్న వెనక చెయ్యి పెట్టి, "వేడెక్కుతాండాది," అన్నాడు. "ఇప్పుడు నీళ్లు బయటికి." గొట్టం నుంచి మురికినీళ్లు బక్కుబక్కున బిందెలో పడ్డాయి. "మళ్లీ కొత్త నీళ్లు." ఆమె చెప్పడం, అది చెయ్యడం. ప్రతిసారీ ఆమె గొంతు ఇంకొంచెం పైకి పోయింది.

ఫోను ఇంకా ఆన్‌లోనే ఉందని దివాకర్ అప్పుడు చూశాడు. "సారమ్మా, ఉండావా?"

"ఉండాను," అంది సారా. "మా అమ్మ అన్నం తిన్నాక ఇది పెట్టి, పక్కనే కుర్చీలో నిద్రపోయేది. ఈ చప్పుడు విని శానా దినాలైంది. ఇంకొంచెం సేపు పెట్టండి అట్లనే." దివాకర్ ఫోనును మిషినుకు దగ్గరగా జరిపాడు.

గంటంబావుకు బొత్తాం అరవై దగ్గర ఆగింది. తలుపు తెరవగానే ఆవిరి మొహాలకు కొట్టింది. తట్టలు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. చౌడేశ్వరి ఒక గాజు గ్లాసును కొంగుతో పట్టుకుని కిటికీకి ఎదురుగా ఎత్తింది. దాంట్లోంచి వీధి చివర నీలిరంగు గేటు తేటగా కనబడింది.

నారాయణమ్మ ముందు బిందెల దగ్గరికి పోయింది. బయటికొచ్చిన నీళ్లు మూడు బిందెలు, ఒక చెంబు. చేత్తో తోమితే అన్ని గిన్నెలకు ఎనిమిది బిందెలు పట్టేది. రెండోసారి లెక్కపెట్టుకుని వచ్చి సట్టిని తిప్పి చూసింది. పక్కలన్నీ మెరుస్తున్నాయి. అడుగున అరచేయంత సంగటి మరక అట్లాగే ఉంది.

"సంగటి సట్టి దీనికి లొంగలేదు," అంది తృప్తిగా.

"అదొక్కటి నేను తోముతాలే," అన్నాడు దివాకర్.

"తోము. మిగిలినవన్నీ రేపు పొద్దున నేనే సర్దుతా. ఆ పెద్ద తట్టలు మీరు అడ్డంగా పెట్టినారు. ఇంకో నాలుగు పట్టేవి."

వేళ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. ఒక ఉదయం పడుగు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే ఒక్క పోగూ తగల్లేదు. చౌడేశ్వరి ఇంకోసారి లాగి చూసుకుని, కొత్త చీర మొదలుపెట్టింది.

ఆ చీర సగంలో ఉండగా సారా నుంచి ఫోను వచ్చింది. ఆమె పక్కింట్లో జర్మనీ ముసలాయన బట్టలుతికే మిషిను ఆగిపోయిందట, దానికీ అట్లాంటి బొత్తామే ఉందట. దివాకర్ సుంకన్నకు చెప్పాడు. సుంకన్న తల అడ్డంగా ఊపాడు.

"మోటారు, హీటరు నేను చూస్తా. ఆ డబ్బా మీ ఇంటోళ్లు చూడాల. లేకుంటే నేను రాను."

ఆదివారం పొద్దున్నే చౌడేశ్వరి గళ్ల కాగితాల కట్ట, మరలు విప్పే పుల్ల, స్పిరిట్ సీసా సంచిలో వేసుకుంటుంటే నారాయణమ్మ కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"నువ్వు యాడికత్తా? బస్సు ఎక్కగలవా?"

"నువ్వు రెక్క పట్టుకుంటే ఎక్కుతా. టిక్కులు నువ్వు చెప్తే, రాసేది ఎవురు?"

పుట్టపర్తిలో ఆ ఇంటి మూడో అంతస్తు మెట్లెక్కడానికి నారాయణమ్మకు అరగంట పట్టింది. పైన సారా, వాళ్లింటి పెట్టెకని కొన్న ఉప్పు పొట్లంతో ఎదురొచ్చింది. చౌడేశ్వరి ప్లగ్గు పీకి, బల్బు వెలగలేదని సుంకన్న చెప్పేదాకా ఆగి, బొత్తాం లాగి మూత విప్పింది.

"పద్నాలుగు చక్రాలత్తా," అంది. ఇరుసు మీద వేలు ఆనించింది.

నారాయణమ్మ పెన్సిలు నోట తడి చేసుకుని, కాగితం మీద పద్నాలుగు గీతలు గీయడం మొదలుపెట్టింది.